విశేషాల గడిలో రాసిన మాట

నేను బతికి ఉండగానే నన్ను చనిపోయినవాడిగా రాసి, ఆ ఒక్క పేరు తక్కువైందని మా ఊరి గ్రంథాలయానికి తాళం వేశారు.

ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు. తలుపు మీద కాగితం అంటించారు. మైదాపిండి బంక ఇంకా తడిగానే ఉంది. పైన ఆఫీసు ముద్ర, కింద ఎవరిదో సంతకం, మధ్యలో రెండు జాబితాలు. మొదటిది ఉన్న సభ్యులు, ఇరవై నాలుగు మంది. రెండోది మరణించిన సభ్యులు, అయిదుగురు. ఆ అయిదుగురిలో నాలుగో పేరు నాది. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశారు. పాతికమంది సభ్యులు లేని గ్రంథాలయాన్ని నడపనక్కర్లేదని ఒక నియమం ఉందట. నాతో పాతిక. నేను పోయాను కాబట్టి ఇరవై నాలుగు. పుస్తకాలు మండల కేంద్రానికి తరలిస్తారట. ఈలోగా ఎవరూ తలుపు తియ్యకూడదట.

పగలు రెండు గంటలప్పుడు ఆ కాగితం చదివాను. మా రాజోలు వైపు ఊళ్ళలో కొబ్బరి తోటల మధ్య ఆ వేళ వెలుగు ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. జాబితాలో నా పేరుకి పైన ఉన్నది రిటైరైన పోస్టుమాస్టరు గారు. ఆయన పోయి రెండేళ్ళయింది. నా కింద ఉన్నది మిషను కుట్టే ఆయన. మొన్న వరదలకి ముందు పోయాడు. లోపల బల్ల దగ్గర కూడా మేం ముగ్గురం అదే వరసలో కూర్చునేవాళ్ళం. కిటికీ పక్కన నేను, నాకు కుడివైపు పోస్టుమాస్టరు గారు, ఎడంవైపు ఇతను. వాళ్ళ కుర్చీలు ఖాళీ అయినా ఇంకెవరూ వాటిలో కూర్చోలేదు. కాగితం రాసినవాడికి ఆ వరస ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

నా పేరు మీద వేలు పెట్టాను. తడి కాగితం కదా, పేరులో మొదటి అక్షరం నా వేలికి అంటుకుని వచ్చేసింది. దాన్ని లుంగీకి తుడుచుకోవడానికి మనసొప్పక అలాగే చెయ్యి చాపుకుని నిలబడ్డాను.

కిటికీ లోంచి తొంగిచూశాను. ముందురోజు నేను మరిచిపోయిన కళ్ళజోడు బల్ల మీదే ఉంది. చదివిన పేపరు మీద, కాళ్ళు చాపుకుని, అద్దాలు కిటికీ వైపు తిప్పి ఉంది. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది. ఇక ఆ రోజు నుంచి నేను మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. మా ఆవిడ మూడేళ్ళ కిందట పోయింది. బియ్యంలో రాళ్ళు ఏరుకోవడానికి కంటి క్యాంపులో ఇచ్చిన జోడు అది. దాంట్లోంచి చూస్తే గీతలన్నీ కొంచెం వంగి, మనుషుల ముఖాలు ఒక బెత్తెడు దూరం జరిగినట్టు కనిపిస్తాయి. ఈ కథలో నేను చూసిందంతా ఆ జోడులోంచి చూసిందే. చదివేవాళ్ళు ఆ మేరకు నన్ను మన్నించవచ్చు.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. మా పేటలో నా ఈడువాళ్ళు వెళ్ళారు, చదువుకుని ఉద్యోగాలు చేశారు, ఇళ్ళు కట్టారు. మా ఇంట్లో మాత్రం చెట్టెక్కే మనిషి కావలసి వచ్చింది. కొబ్బరి దింపు, దింపు లేని రోజుల్లో కాయ ఒలుపు, అదీ నా పని. ఇరవై రెండేళ్ళు వచ్చాక అక్షరాలు పట్టుకున్నాను. ఆ గ్రంథాలయంలోనే. ఈ మాట అన్నప్పుడల్లా అక్కడ ఎవరో కూర్చోబెట్టి నేర్పారనుకుంటారు. అలా కాదు. ఆ రోజుల్లో ఒక పంతులుగారు సాయంత్రం పేపరు గట్టిగా చదివేవారు. పొలం నుంచి వచ్చినవాళ్ళం కాళ్ళు కాలవలో కడుక్కుని అరుగు మీద కూర్చుని వినేవాళ్ళం. ఆయన చదివేసి వెళ్ళాక నేను అదే పేపరు తీసుకుని, విన్న మాటల్ని అచ్చులో వెతుక్కునేవాణ్ణి. విన్నది ఎక్కడుందో పట్టుకోవడమే నా చదువు.

ఆ భవనం పునాదికి మా పేటవాళ్ళే కాలవ అడుగు మట్టి తట్టలతో మోశారు. ఇంటికొకరు చొప్పున. వరదొస్తే పుస్తకాలు తడవకూడదని నడుమెత్తు లేపారు. ఇన్నేళ్ళలో నీళ్ళు ఒక్కసారి కూడా గడప ఎక్కలేదు. నీళ్ళకి చేతకానిది ఒక కాగితానికి చేతనైంది.

మర్నాడు లైబ్రరీ అమ్మాయి వచ్చింది. ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి, కాంట్రాక్టు ఉద్యోగం, రెండూళ్ళ అవతల నుంచి స్కూటీ మీద వస్తుంది. తాళంచెవులు ముందురోజే ఆఫీసువాళ్ళు కారణం చెప్పకుండా పట్టుకుపోయారట. కాగితం చూసి అక్కడే మెట్టు మీద కూలబడింది.

"తాతగారూ, మిమ్మల్ని పోయేరని నేనెందుకు రాస్తానండి? రోజూ మీ మొహం చూసే కదా తలుపు తీస్తాను!"

"మరెవరు రాశారమ్మా?"

"తెలీదండి. నెలాఖరున రిజిస్టరు పంపేనండి, అంతే."

ఎవరు రాశారో తేల్చుకుందామని బస్సెక్కి అమలాపురం వెళ్ళాను. ఆఫీసులో ఆ ఫైలు చూసే గుమాస్తా మెతక మనిషి. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. కోప్పడదామని వెళ్ళినవాడికి ఇంతకన్నా ఇబ్బంది లేదు. ఊరూ, జాబితాలోని నాలుగో పేరూ చెప్పాను.

"చెప్పండి బాబాయిగారూ. పోయినాయనకి మీరేం అవుతారండి?"

"పోయింది నేనే."

ఆయన నా వంక చూశాడు, కాగితం వంక చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు.

"అలాగైతే మీ తాలూకు ఎవర్నన్నా పంపాల్సిందండి. చనిపోయినవారి అర్జీ వారి చేత్తోనే పుచ్చుకోడానికి మా ఫారంలో గడి లేదండి, ఆయ్."

"నేను బతికే ఉన్నానయ్యా బాబూ!"

"నేను కాదన్లేదండి. కాయితం అంటంది."

మా ఊరి రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు. తేదీ, పేరు, చదివినది, సంతకం, విశేషాలు. అయిదు గడులు. ఒక గురువారం నాడు నా పేరు ఎదురుగా, విశేషాల గడిలో, లైబ్రరీ అమ్మాయి గుండ్రటి దస్తూరీలో ఒకే ఒక్క మాట ఉంది. నిద్రించారు.

"ఇదిగోండి. నా సొంత పైత్యం కాదండి. మొన్న మా నాయనమ్మ జ్ఞాపకార్థ కూడికకి కార్డు వేయించేం. ప్రభువునందు నిద్రించారు అని వేయించేం. మన వైపు ఈ మాటకి ఇంకో అర్థం ఉందాండి?"

"నిద్రపోయానయ్యా! అన్నం తిని వచ్చి ఫ్యాను కింద కునికేను!"

"మరి లేచినట్టు ఎక్కడా రాయలేదు కదండి?"

"లేచినట్టు కూడా రాయాలా?"

"రాసుంటే ఇంకా పెద్ద పేచీ అయ్యుండేదండి. ఎన్నో రోజున లేచేరు అని అడుగుతారు పైవాళ్ళు."

పక్క బల్ల దగ్గరి ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చేదే. కానీ గుమాస్తా పేజీ తిప్పాడు. ఆ గురువారం తరవాత నెలాఖరు దాకా రోజూ నా సంతకం ఉంది.

"మరి ఇవి ఎవరివి?" అన్నాను.

"అసలు ఇబ్బంది అవేనండి. చనిపోయినాయన సంతకాలు రోజూ పడతన్నాయి, ఆ అమ్మాయి దొంగ హాజరు వేస్తంది అని పైన నోటు రాసేరు. తాళం అంత గబుక్కున పడింది అందుకేనండి."

ఆ సంతకాలు నావే. నేనే పెట్టాను. అయినా మా ఆవిడ కళ్ళజోడులోంచి వాటిని చూస్తుంటే, నా సంతకాన్ని బాగా ఎరిగినవాళ్ళెవరో శ్రద్ధగా పెట్టినట్టు కనిపించాయి. ఒక్క క్షణం, సిగ్గు విడిచి రాస్తున్నాను, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

ఆ మాట నాకు కొత్తది కాదు. నేను జీవితంలో ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి మాట అదే. దింపు మధ్యలో అన్నాల వేళ మేం చర్చి వెనక సమాధుల దగ్గర కూర్చునేవాళ్ళం. వానాకాలం తోటంతా బురదైనా అక్కడ సిమెంటు పొడిగా ఉండేది. రాతి మీద చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి దిద్దేవాణ్ణి. కంటికన్నా ముందు నా వేలికి వచ్చింది అక్షరం. ఒక రాయి మీద ఉన్న మాటే రెండో రాయి మీదా ఉంది, మూడో దాని మీదా ఉంది. ఒక మధ్యాహ్నం అది కూడింది. నిద్రించెను. అంతమంది కింద నిద్రపోతూ ఉంటే పైన అన్నం తింటున్నానని ఆ రోజే తెలిసింది. గిన్నె పట్టుకుని లేచి నిలబడ్డాను. అందరికీ అదే మాట ఎందుకు రాస్తారని సాయంత్రం పంతులుగారిని అడిగితే, "లేస్తారన్న నమ్మకం ఉన్నవాళ్ళు రాసుకుంటారయ్యా" అన్నారు.

ఆ నమ్మకం మీద చెక్కిన మాట పట్టుకుని ఒక గది తలుపు మూశారు. నా కోపమంతా అక్కడుంది.

నేను లేవబోతుంటే గుమాస్తా గొంతు తగ్గించి చెప్పాడు. "పాతికమంది సభ్యులూ స్వయంగా సంతకాలు పెట్టిన అర్జీ పంపండి బాబాయిగారూ. మీ సంతకంతో కలిపి. పాతికుంటే ఫైలు మళ్ళీ పైకి పెడతాను. ఒక్కటి తగ్గినా నా చేతిలో లేదండి. తాళం పడ్డ లైబ్రరీలో కొత్త సభ్యుల్ని చేర్చడానికి లేదు కాబట్టి, పాతవాళ్ళే ఉండాలి."

తిరిగి వచ్చి అమ్మాయికి ఆ మాట సంగతి చెప్పాను. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఫ్యాను కింద నిద్దరోయేవాళ్ళని చదువరుల్లో కలపొద్దు, విశేషాల్లో రాయమని చెప్పేరండి. పడుకున్నారు అని రాయబోయేను. పెద్దవారు కదా, బాగోదనిపించింది. నిద్రపోయేరు అంటే వెక్కిరించినట్టుంది. అందుకని మర్యాదగా..."

"మర్యాదగా చంపేవు తల్లీ నన్ను."

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. దొంగ హాజరు నోటు సంగతి కూడా చెప్పక తప్పలేదు. అప్పుడు నవ్వు ఆగింది.

మర్నాటి నుంచి సభ్యుల ఇళ్ళకి బయలుదేరాను. ఊళ్ళోవాళ్ళతో ఇబ్బంది లేదు, రోజూ చూసేవాళ్ళే. లంకలో ఉండే ఒకావిడ మాత్రం శనివారం శనివారం వచ్చి రెండు నవలలు పట్టుకెళ్ళేది. నేనెవరో కిటికీ పక్కన కూర్చునే ముసలాయనగానే ఎరుగును. పాయ దాటి పడవ దిగి ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కటకటాల తలుపు వేసి ఉంది. పిలిచాను.

"ఎవరండీ?"

"లైబ్రరీ తాతనమ్మా. కిటికీ పక్క కుర్చీ."

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఆయన నిద్రించేరు కదండీ," అంది లోపల్నుంచి, చాలా మర్యాదగా. "కాయితం చూసేనండి."

ఊళ్ళో అయితే తిట్టేవాణ్ణి. అక్కడ, ఆ నీళ్ళ మధ్య, మనిషి అలికిడి లేని ఆ ఎండలో, ఆ మాట విని నాకు కోపం రాలేదు. కటకటాల సందులోంచి చెయ్యి పెట్టాను. ఆవిడ బియ్యం కడుగుతూ వచ్చింది కాబోలు, వేళ్ళు చల్లగా తడిగా ఉన్నాయి. నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"వేడిగానే ఉందండి," అంది.

"బతికున్నవాడి చెయ్యి వేడిగా ఉండదా?"

"మొన్న ఆదివారం మీ గురించి ప్రార్థన చేయించేనండి. ఇప్పుడు దాన్నేం చెయ్యాలండి?"

"అలా ఉంచమ్మా. ఎప్పటికైనా పనికొస్తుంది."

తలుపు తీసి మజ్జిగ ఇచ్చింది. సంతకానికి ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానంది.

ఇరవై మూడు ఇళ్ళు తిరిగాను. ఇరవై నాలుగో ఇంటి దగ్గర ఆగిపోయాను. ఆ ఇంటి కోడలు పది రోజుల కిందటే కువైట్ వెళ్ళిపోయింది. ఆవిడ అత్తగారు లోపల్నుంచి లైబ్రరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంటే ఇప్పుడు నేను లేచినా ఇరవై నాలుగే. ఆ అరుగు మీద కూర్చుని ఇంకో పేరు ఉందేమోనని జాబితా మూడుసార్లు చదివాను. ఉన్నవన్నీ రెండో జాబితాలోనే ఉన్నాయి.

ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. విశేషాల గడిలోని ఆ మాట తలుచుకునే పడుకోలేకపోయాను. సాయంత్రం అయిదున్నరకి వెళ్ళి మూసిన గ్రంథాలయం అరుగు మీద కూర్చున్నాను. పేపరు కొనుక్కుని వెళ్ళాను. ఒక్కణ్ణే ఉన్నాను కదా అని పంతులుగారిలాగా గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఒలుపు నుంచి వస్తున్న ఇద్దరు సైకిళ్ళు ఆపి విన్నారు. మర్నాడు ఆరుగురు. లంక ఆవిడ తన దగ్గరున్న నవల తెచ్చి రోజుకి కొంత చదివింది. ఉద్యోగం పరీక్షలకి చదివే ఇద్దరు ఆడపిల్లలు తమ పుస్తకాలు తెచ్చుకుని దీపం వెలిగే దాకా కూర్చున్నారు. సభ్యులు తమ ఇళ్ళలో ఉండిపోయిన పుస్తకాలు తెచ్చి ఒకరికొకరు మార్చుకున్నారు. అమ్మాయి జీతం లేకుండానే స్కూటీ మీద వచ్చి ఎవరి దగ్గర ఏముందో రాసుకుంది. పగలు పనివాళ్ళు పనిలో ఉన్న వేళ తలుపు తెరిచి, పనివాళ్ళు చదవడం లేదని ఆఫీసువాళ్ళు ఇన్నేళ్ళూ రాసుకున్నారు. తలుపు మూశాక, వేళ కుదిరేసరికి, ఆ అరుగు చాలలేదు.

ఇక్కడ రెండు సంగతులు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. వాటికి నా దగ్గర వివరణ లేదు.

నేను చదువుతూ పేజీ తిప్పినప్పుడల్లా, కాస్త ఆగి, తలుపు లోపల కూడా ఒక పేజీ తిరిగేది. మొదటి రోజు గాలి అనుకున్నాను. మూడో రోజు లంక ఆవిడ, "లోపల ఫ్యాను ఆపలేదాండి?" అంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "మెయిను స్విచ్చే తీసేసి వెళ్ళేరండి." ఆ తరవాత తలుపుకి వీపు ఆనించి కూర్చునేవాళ్ళు కొంచెం ముందుకు జరిగారు. పేజీ తిప్పాక అందరం ఒక క్షణం ఆగేవాళ్ళం. ఆ చప్పుడు అయ్యాకే నేను మళ్ళీ అందుకునేవాణ్ణి. వెనకబడినవాళ్ళ కోసం పంతులుగారు కూడా అలాగే ఆగేవారు.

రెండోది నా కళ్ళజోడు. కాళ్ళు చాపుకుని ఉన్నది చాపుకుని ఉన్నట్టే వారం రోజులు చూశాను. ఎనిమిదో రోజు చూసేసరికి మడత పెట్టి ఉంది. చదవడం అయిపోయాక మనం పెట్టినట్టు, పేపరు మీద నిలువుగా. తాళం వేసింది వేసినట్టే ఉంది. దాని మీద ఆఫీసువాళ్ళు వేసిన లక్క ముద్ర చెదరలేదు. ఎలుక అన్నారు ఒకరు. ఎలుక కళ్ళజోడు మడవడం నేను ఎక్కడా చదవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ అరుగు మీదికి రమ్మన్నాను. ఇరవై మూడుమందీ వచ్చారు. నాతో ఇరవై నాలుగు. ఒకటి తక్కువని అందరికీ తెలుసు. ఉన్నది పంపుదాం, మిగతాది నోటితో పోట్లాడుకుందాం అన్నాను. తెల్ల కాగితాల మీద గీతలు గీసి, బాల్‌పెన్ను ఇచ్చి, ఒకరి చేతిలోంచి ఒకరికి అందించమన్నాను. అమ్మాయి పక్కన నిలబడింది. అందరూ పెట్టాక నా చేతికి వచ్చింది. నేను ఆఖరున పెట్టి లెక్క చూశాను. ఇరవై అయిదు.

మా ఆవిడ జోడు సంగతి తెలుసు గనక అమ్మాయికి ఇచ్చాను. ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై అయిదు. మనుషుల్ని లెక్కపెడదామని పేర్లు పిలిచాను. ఒక్కొక్కరూ "ఆయ్" అన్నారు. నేను విన్న ఆయ్‌లు పాతిక. అమ్మాయి ఇరవై నాలుగే అంది. మళ్ళీ పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

పద్దెనిమిదో వరసలో ఉంది ఆ సంతకం. మిగతావన్నీ బాల్‌పెన్నువి. అది మాత్రం సిరాతో, తడి కాగితం మీద రాసినట్టు కాస్త పాకి ఉంది. పేరు ఎంత కూడబలికినా అందదు. అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్ళు పెట్టినట్టు వంకరగా, గట్టిగా నొక్కి పెట్టి ఉంది. పదిహేడో ఆయన్ని అడిగితే, పెన్ను పక్కకి ఇచ్చేశానన్నాడు. పంతొమ్మిదో ఆవిడ, నా చేతికి పక్కనుంచే వచ్చిందండి అంది. ఎవరిచ్చారమ్మా అంటే ముఖం చూడలేదంది.

అందరూ వెళ్ళాక అమ్మాయి కాగితం పట్టుకుని కూర్చుంది.

"ఉంచితే పాతిక సరిపోద్దండి. కానీ దొంగ సంతకం అని మళ్ళీ నా మీదే రాస్తారేమో తాతగారూ. కొట్టేస్తే ఒకటి తక్కువ. తలుపు ఇంక తీయరు. ఏం చేద్దామండి?"

పెన్ను తీసుకున్నాను. పద్దెనిమిదో వరస మీద గీత పెట్టడానికి చెయ్యి ఎత్తాను కూడా. నేను అబద్ధం ఆడి ఎరగను. తెలియని సంతకాన్ని సభ్యుడిదని పంపలేను. కానీ ఎవరో తెలియదు గనక ఎవరూ లేరని రాయడానికి నాకేం హక్కు ఉంది? ఎక్కడో కూర్చున్న ఒకాయన నన్ను చూడకుండా, పిలవకుండా, ఒక్క గీతతో ఇలాగే కొట్టేశాడు. పెన్ను కింద పెట్టేశాను.

అర్జీ కింద నా చేత్తో ఇలా రాశాను. 'ఇందులో పాతిక సంతకాలు ఉన్నవి. ఇరవై నాలుగు మందిని నేను ఎరుగుదును. పద్దెనిమిదో వరసలో ఉన్నవారిని ఎరగను. మా కళ్ళ ఎదుటే పడిన సంతకము గనక కొట్టివేయలేదు. లైబ్రరీ అమ్మాయికి దీనితో ఏ సంబంధమూ లేదు. తప్పు అయితే నాది. నేను బతికే ఉన్నాను, వచ్చి అడగవచ్చును.'

రిజిస్టరు పోస్టులో పంపాను. ఆ తరవాత ఒక సాయంత్రం ఎవరో ఆఫీసరు గారు కారు కాలవ గట్టు మీద ఆపి నడిచి వచ్చారు. కుర్చీ తెస్తామంటే వద్దని అరుగు చివర కూర్చున్నారు. లంక ఆవిడ నవల చదువుతోంది. ఆవిడ పేజీ తిప్పి ఆగింది. మేమంతా ఆగాం. లోపల పేజీ తిరిగింది. ఆఫీసరు గారు తలుపు వైపు చూశారు, మా వైపు చూశారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిపి, చీకటి పడకముందే వెళ్ళిపోయారు.

పదిహేను రోజులకి పోస్టులో కవరు వచ్చింది. అందినట్టు సంతకం పెట్టమంటే పెట్టాను. లోపల ఉన్నది ఇది:

"తమరి అర్జీ అందినది. తనిఖీ అధికారి నివేదికను అనుసరించి తమరి పేరును మరణించిన సభ్యుల జాబితా నుండి తొలగించడమైనది. గ్రంథాలయ ఉద్యోగినిపై వ్రాసిన నోటును ఉపసంహరించడమైనది. అర్జీపై గల సంతకములు ఇరవై అయిదును పాఠకులవిగానే అంగీకరించడమైనది. సభ్యుల సంఖ్య నియమము మేరకు సరిపోయినందున, గ్రంథాలయమును సోమవారము నుండి, సాయంత్రపు వేళల్లో సైతం, తెరచి ఉంచుటకు ఉత్తర్వులు ఇవ్వడమైనది. పద్దెనిమిదవ వరుసలో సంతకము చేసిన సభ్యుని పేరు స్పష్టముగా లేదు. వారు తమ కార్డు తీసుకొనుటకు స్వయముగా హాజరు కావలెనని తమరు వారికి తెలియజేయగలరు."